మంచి కాలు ముందు

నిన్న ఓపీలో ఒక పెద్దాయన మోకాలి మీద అరచెయ్యి పెట్టి, కాలు మెల్లగా ముడిచి చాపమన్నాను. చిప్ప కింద కరకరమని ఏదో నలిగింది. చెవికి వినపడేంత చప్పుడు కాదు, చేతికి మాత్రమే తెలుస్తుంది. అది తగిలినప్పుడల్లా రజియా సిస్టర్ నా భుజం వెనక నిలబడి “చేతులు రుద్దుకున్నవా బిడ్డా?” అని అడుగుతున్నట్టే ఉంటుంది. వనపర్తిలో నేను నర్సింగ్ చదివేటప్పుడు ఆమె మా వార్డు హెడ్ సిస్టర్. పొట్టి మనిషి, గట్టి గొంతు. వాళ్ల నాన్న పెబ్బేరు సంతలో ఎడ్ల బేరాలు కుదిర్చే దళారి. ఈ సంగతి ఇప్పుడే చెప్పడానికి కారణముంది.

రెండు వేల అయిదో, ఆరో సంవత్సరం. ఎముకలు, కీళ్లు, కండరాలు పరీక్షించే పాఠం నాకు కంఠతా వచ్చు. చూడటం, తాకడం, కదిలించడం, బలం చూడటం అంటూ నిద్రలో లేపి అడిగినా వరస తప్పకుండా చెప్పేదాన్ని. తీరా పరీక్షలో పుస్తకానికి బదులు మనిషినిచ్చారు. మోకాళ్లు వాచిన ముసలమ్మ. చలికాలం పొద్దున, అప్పుడే కడుక్కొచ్చిన చేతులతో నేను నేరుగా నొప్పి ఉన్న మోకాలినే పట్టుకున్నాను. ఆమె “సస్తి నాయనో!” అని ఎగిరి తన్నింది. ట్రే ఒక దిక్కు, టేపు ఒక దిక్కు పోయాయి. మోకాలి మీద తట్టే చిన్న సుత్తి మాత్రం ఎటూ పోకుండా, పరీక్ష పెట్టడానికి వచ్చిన మేడమ్ కాలి బొటనవేలి మీద పడింది.

ఫెయిలయ్యాను. ఆరు నెలలకు ఇంకొక అవకాశం ఇచ్చారు, అదీ పోతే కోర్సు నుంచి పేరు తీసేస్తారు. మా నాయనేమో అప్పటికే ఊళ్లో నడుము నొప్పులూ కీళ్ల నొప్పులూ ఉన్నవాళ్లందరికీ “మా బిడ్డ నర్సమ్మయి వస్తది, జర ఆగుండ్రి” అని మాట ఇచ్చేశాడు. వాళ్లు నిజంగానే ఆగారు. నా భయమంతా అదే.

వరండాలో ఏడుస్తుంటే రజియా సిస్టర్ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఓదారుస్తుందనుకున్నాను.

“గింత సల్లగున్నయేంది? ఆమె జాగల నేనున్నా తంతుంటి” అంది.

“వరస తప్పలేదు గద సిస్టర్?”

“వరస నీకు తెల్సు, ఆ ముసలామెకు తెల్వదు గద! ముందుగాల చేతులు రుద్దుకో. ఇంకోటి, మంచి కాలు ముందు చూడు. మంచిది ఎట్లుందో తెలిస్తెనే చెడ్డది ఎరుకైతది. నువ్వు మంచి కాలు చూసేలోపల మనిషికి నీ మీద జర నమ్మకం గూడ వస్తది.” లేచి వెళ్లబోతూ వెనక్కి తిరిగి, “సంతనాడు పొద్దుగాల తయారుండు, పెబ్బేరు పోదం” అంది.

పశువుల సంతలో ఆమె నన్ను ఒక బండి పక్కన నిలబెట్టి “నోరు మూస్కో, కాళ్లు చూడు” అంది. అమ్మేవాడు ఎద్దును మెత్తటి దుమ్ములో, ఎప్పుడూ ఒకే వైపు తిప్పుతున్నాడు. కొనేవాడు ఊరుకోడు. “అటు దిక్కు తిప్పు, గట్టి నేల మీద నడిపియ్” అంటాడు. అలా తిప్పితే దాచిన కుంటు బయటపడుతుంది. తర్వాత వంగి, రెండు కాళ్లనూ రెండు చేతులతో ఒకేసారి తడిమి, ఏది వేడిగా ఉందో పోల్చుకుంటాడు. మా పుస్తకంలో ఉన్నదంతా అక్కడ రుమాలు చుట్టుకొని తిరుగుతోంది.

గంట తర్వాత సిస్టర్ ఒక జత ఎడ్లను చూపించి, ఏది కుంటుతుందో చెప్పమంది. కళ్లు చించుకొని చూశాను.

“ఎద్దులు రెండు మంచిగనే ఉన్నయ్ సిస్టర్. వాటిని పట్టుకున్న ఆయనే కుంటుతుండు.”

గట్టిగానే అన్నట్టున్నాను. ఆయన గిర్రున తిరిగాడు. మానవపాడు రైతు, పేరు బాలయ్య.

“అన్నా, కాలు ఎన్ని దినాల సంది నొస్తుంది?” అంది సిస్టర్.

“మోకాలమ్మా, ఏడాదయితుంది. తైలం రాస్తున్న.”

“జర అటు దిక్కు నడువు, చూస్త.”

“మీరు ఎద్దును కొననీకొచ్చిండ్రా, నన్ను కొననీకొచ్చిండ్రా?”

సంత సంతంతా ఘొల్లుమంది. సిస్టర్ మాత్రం నవ్వకుండా, ఎద్దులను అమ్మినాక దవాఖానకు రమ్మని ఆయన దగ్గర మాట తీసుకుంది.

ఆ మాట నిలబెట్టుకోవడానికి బాలయ్యకు నెలలు పట్టింది. నా పరీక్ష నాటి పొద్దునే వచ్చి వార్డులో చేరాడు. చీటీ తీస్తే నాకు ఆయన మంచమే వచ్చింది. నన్ను చూసి దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. చేతులు రుద్దుకున్నాను. మంచి కాలు ముందు చూశాను. తర్వాత నొప్పి ఉందన్న ఎడమ మోకాలు చూస్తే వాపు లేదు, వేడి లేదు, కుడి మోకాలికీ దానికీ తేడానే లేదు. సుత్తి దెబ్బ తిన్న మేడమే మళ్లీ వచ్చింది. కాళ్లు కుర్చీ కిందకు ముడుచుకొని గడియారం చూసుకుంటోంది.

“పెద్దనాయనా, జర లేసి నడువుండ్రి” అన్నాను.

కోస్తారేమోనన్న భయంతో ఆయన మంచాలు పట్టుకుంటూ, ఒక పక్కకే, పెళ్లికొడుకులా నడిచి చూపించాడు. ఈ నడక నేనెక్కడో చూశాను.

“అటు దిక్కు తిరిగి, ఏం పట్టుకోకుండ నడువుండ్రి.”

ఎడమ కాలి మీద బరువు పడగానే ఒళ్లంతా పక్కకు ఒరిగింది. పడుకోబెట్టి కాలు లోపలికి తిప్పబోతే తుంటి దగ్గర ఆగిపోయింది. ఆయన మాత్రం మోకాలు పట్టుకొని మూలిగాడు. “నొప్పి మోకాల్లో తెలుస్తోంది మేడమ్, చెడింది తుంటి” అన్నాను.

“సంతల నా ఎద్దును గిట్లనే తిప్పిండ్రు మేడమ్” అని బాలయ్య ఫిర్యాదు చేశాడు. “అది అమ్ముడుపాయె, నేను మిగిలిన.”

“ఇలా చూడటం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?”

“పెబ్బేరు పశువుల సంతలో మేడమ్.” నోరు జారింది. గుమ్మం దగ్గర రజియా సిస్టర్ ఫ్యాను వంక శ్రద్ధగా చూడసాగింది. మేడమ్ చాలాసేపు ఏదో రాసుకుంది. పాసయ్యాను. ఎక్స్‌రేలో తుంటి కీలే అరిగిందని తేలింది. ఏడాది పాటు మోకాలికి రాసిన తైలమంతా దండగైపోయిందని బాలయ్య తెగ బాధపడ్డాడు.

ఆ తర్వాత మూడేళ్లు ఆమె కిందే పనిచేశాను. ఆమె రిటైరైన రోజున వార్డులోనే చిన్న సభ పెట్టాం. పూలదండ వేయించుకోవడానికి ఆమె బల్ల చుట్టూ దూరపు దారిన, ఒకే వైపు తిరిగి వచ్చింది. బల్ల అంచు మీద చెయ్యి తియ్యలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్లూ ఊరందరి కాళ్లూ చూశాను కానీ, రోజూ నా ముందు నడిచిన మనిషి కాళ్లు చూడలేదు.

అందరూ వెళ్లాక అడిగాను. “సిస్టర్, జర అటు దిక్కు తిరిగి నడువుండ్రి.”

“నన్ను కొననీకొచ్చినవా?” అంది. నవ్వబోయి, నవ్వలేక కుర్చీలో కూలబడింది.

నేను చేతులు రుద్దుకుంటూ ఆమె ముందు కింద కూర్చున్నాను. రజియా సిస్టర్ కొంగుతో కళ్లు తుడుచుకొని, మంచి కాలు ముందు చాపింది. రెండోది ముడిచినప్పుడు తగిలిన కరకర నా అరచేతిలోనే ఉండిపోయింది.