చక్కెర తోడొస్తేనే

కిరిబాటిలోని ఒనోతోవా దీవిలో బిరిమాకా గట్టిగా నవ్విందంటే మడుగు అవతల వలలు వేసేవాళ్లకు కూడా వినిపించేది. రాజధాని తరావాలో నర్సుల బడికి వెళ్లి, పరీక్ష తప్పి, సహాయకురాలిగా తిరిగొచ్చింది. ఊళ్లో చిన్న వైద్యశాలను ఆమే చూసుకునేది.

ఆ ఏడు వానల్లో బావులు చెడిపోయి ఊరంతటికీ విరేచనాలు పట్టుకున్నాయి. మందు పొట్లాలు అయిపోయాయి. గాలులు తగ్గక ఓడ రాలేదు. ఒకరోజు పొద్దున్నే ముసలి తెబానో తన మనవరాలు రోరేటిని భుజాన వేసుకుని వచ్చాడు. పిల్ల కళ్లు లోతుకు పోయాయి. ఏడుపొచ్చినా కన్నీళ్లు రావడంలేదు.

"దీని తల్లి కూడా లేవలేకుండా పడుంది. పిల్లకి నీళ్లు పోస్తుంటే పోసినవి పోసినట్టే పోతున్నాయే! నిన్నట్నుంచి ఉచ్చ కూడా పోయలేదు." అన్నాడు.

బిరిమాకా కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా గీసి కొలిచి కలిపింది.

"చక్కెరా? రోగానికి మిఠాయి పెడతావా?"

"పేగు గోడంతా చిన్న చిన్న కణాలు, తాతా. వాటి పైపొరలో ఓ తలుపుంది. దానిగుండా ఉప్పొక్కటీ పోలేదు, చక్కెరొక్కటీ పోలేదు. రెండూ కలిసి రావాలి. అవి లోపలికెళ్తే నీళ్లు వాటి వెనకాలే పోతాయి."

"మా అత్తగారిల్లు లాంటిదన్నమాట. ఒక్కణ్ణే వెళ్తే గుమ్మం దాటనిచ్చేది కాదు ఆవిడ."

"నిన్ను చూస్తే నేనూ దాటనివ్వను. చెంచా పట్టుకో."

మొదటి చెంచాలన్నీ పిల్ల కక్కేసింది. తెబానో చెంచా దించేశాడు. "ఇక చాల్లేవే..." అన్నాడు.

"కాసేపు ఆగి మళ్లీ పొయ్యి. నిదానంగా," అంది బిరిమాకా. తనకూ భయంగానే ఉంది. అయినా చెంచా మళ్లీ నింపి అతని చేతికిచ్చింది.

మధ్యాహ్నం దాకా ఇద్దరూ చెంచా మార్చుకుంటూ పోశారు. కక్కడం తగ్గింది. రోరేటి పెదాలు నాకి, ఇంకా కావాలన్నట్టు గిన్నెకేసి చెయ్యి చాపింది. ఎండ వాలే వేళకు తెబానో ఒక్కసారి కెవ్వున అరిచాడు. బిరిమాకా పరుగెత్తుకొచ్చింది.

"ఉచ్చ పోసిందే! నా ఒడంతా తడిపేసింది!"

పంచె తడిసి కారుతున్నా ముసలాడు లేవలేదు, పిల్లను మరింత దగ్గరికి పొదువుకున్నాడు. బిరిమాకా గోడకు జారగిలబడి కూలబడింది. ఏడవాలో నవ్వాలో తెలియక చివరికి నవ్వేసింది. తర్వాత ఆ ఉప్పూ చక్కెర నీళ్లతో కూజా నింపుకుని, పిల్ల తల్లికి తాగించడానికి తెబానో ఇంటికి బయల్దేరింది.