బిషాన్ గడప మీద పసుపు

మా చిన్నప్పుడు... దేశం కాని దేశంలో, బిషాన్ అనే పేటలో అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. నాన్నకి సైన్స్ పార్క్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఒకసారి ఆఫీసు పని మీద ఆయన్ని స్లొవేనియా పంపారు. తిరిగొచ్చి ఫొటోల కవరు విప్పితే, మంచు కొండలు చూద్దామని ఎగబడ్డాను... తీరా చూస్తే అన్నీ పాత ఇళ్ళే!

"అంత దూరం వెళ్ళి ఎవరిళ్ళో ఫొటోలు తీసుకొచ్చారేంటండీ?" అని అమ్మ ఒకటే నవ్వు.

అవి ఆ దేశపు రచయితలు పుట్టిన ఇళ్ళట... వాళ్ళు పోయాక మ్యూజియంలుగా దాచుకున్నారట. ఏటి ఒడ్డున పిండిమర ఉన్న ఇల్లు మాత్రం ఒక ప్రొటెస్టెంట్ మత సంస్కర్తది. వాళ్ళ భాషలో మొట్టమొదటి పుస్తకం అచ్చు వేయించింది ఆయనేనట. సెలవు దొరికితే చాలు, నాన్న బస్సెక్కి ఆ ఇళ్ళ చుట్టూ తిరిగేవాడట.

ఒక ఫొటోలో వంటగది గోడలు మసితో నల్లగా ఉన్నాయి.

"ఛీ... క్లీన్ చెయ్యరా?" అన్నాను.

"కావాలనే ఉంచారమ్మా. ఆ మసి ఆ రచయిత వాళ్ళమ్మ వంటది. కడిగేస్తే ఇంక అది ఎవరిల్లయినా ఒకటే" అన్నాడు నాన్న. ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది.

కొన్నాళ్ళకి ఓనరాంటీ, చైనీస్ ఆవిడ, కొడుక్కి పెళ్ళి కుదిరింది, ఫ్లాట్ కావాలంది. మాకది మూడో ఇల్లు. ముందు రెండిళ్ళూ మేమున్న గుర్తు వీసమెత్తు మిగలకుండా తుడిచి అప్పజెప్పాం.

తాళాలిచ్చే రోజు అమ్మ గుమ్మం దగ్గర చతికిలబడింది. తలుపు కింద సిమెంటు గట్టే మా గడప... శుక్రవారం శుక్రవారం పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేది. ఆ పసుపు సిమెంటులోకి ఇంకిపోయింది. సబ్బు, నిమ్మచెక్క, పీచు... ఏం పెట్టి తోమినా పోదే! "ఇల్లు పాడు చేశామని ఇప్పుడు మాట పడాలి" అని గొణుక్కుంటూ తోముతూనే ఉంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పీచు లాగేసుకున్నాను.

"స్టాప్ లా, అమ్మా! అది మన మసి! కడిగేస్తే మనం ఇక్కడ ఉన్నట్టే ఉండదు!" అని అరిచాను, అక్కడి పిల్లల్లాగే మాట చివర 'లా' తగిలించి.

అమ్మ కోప్పడలేదు. తడి చేత్తోనే దగ్గరికి తీసుకుంది. సరిగ్గా అప్పుడే లిఫ్ట్ దిగి వచ్చిన ఓనరాంటీ, ఆ పచ్చటి మరకేంటని అడిగింది.

"సారీ ఆంటీ... టర్మరిక్. ఫర్ గుడ్ లక్" అంది అమ్మ, మొహం చిన్నబుచ్చుకుని.

"ఐయా! గుడ్ లక్, వై యు వాష్? మై సన్ గెటింగ్ మ్యారీడ్ లా! లీవ్ ఫర్ హిమ్!"

అమ్మ లేచి, కట్టేసిన సామాన్లలోంచి పసుపు డబ్బా వెతికి తీసింది. ఆ ఇంటికి రాబోయే కొత్త కోడలి కోసం గడపకి మళ్ళీ పసుపు రాసింది... బొట్లు మాత్రం నా చేత పెట్టించింది.

ఇప్పుడు అదే ఊళ్ళో, పుంగ్గోల్‌లో మాది సొంత ఫ్లాట్. ఎవరికీ తాళాలు అప్పజెప్పక్కర్లేదు. అయినా గడపకి నేను అంటించింది పసుపు, బొట్లు అచ్చేసిన స్టిక్కరే... తీరిక లేక. అది పీకేస్తే కింద ఏమీ ఉండదు. తలుచుకుంటే దిగులేస్తుంది...

మీరు ఖాళీ చేసొచ్చిన ఇళ్ళలో మీ అమ్మ చేతి మరక ఎక్కడ మిగిలిందో చెప్పరూ...