వెనక గదికి పన్నెండు పలకలు

మా బావ వెంకటకృష్ణారావు గారు కొన్న వస్తువుకి కవరు తీయరు. పటమటలో వాళ్లింట్లో ఫ్రిజ్ తలుపు మీద కంపెనీ వాళ్ల పొర ఇప్పటికీ ఉంది. కారు కొని నాలుగేళ్లయినా సీట్ల మీద షోరూమ్ ప్లాస్టిక్ అలాగే ఉంది. మే నెలలో ఆ కారెక్కి మైలవరంలోని ఆయన ఎరువుల కొట్టు దగ్గర దిగితే, చొక్కా సీటుకి అంటుకుపోయి చర్రున ఊడుతుంది. "కొత్తది కొత్తగా ఉండాలి బాబీ" అంటారు. నాకు ఒళ్లు మండిపోతుంది.

అలాంటి మనిషికి యాభై అయిదో ఏట సంగీతం పిచ్చి పట్టింది. రెండు పెద్ద స్పీకర్లు కొని వెనక గదిలో పెట్టారు. అక్కడ ఉన్నవి గచ్చూ, బోడి గోడలూ, ఒక కుర్చీ. వీణ రికార్డు వేస్తే నాలుగు గోడలూ కలిసి వాయించేవి. మా అక్క ఉషశ్రీకి ఆ గది తన కుట్టుమిషన్ల కోసం కావాలి. "ఆ రొదకి ఒక గదా అండీ" అనేది. చివరికి ఒప్పందం కుదిరింది. బావ గోడలకి శబ్దం పీల్చే పలకలు బిగిస్తారు. ఆదివారం సాయంత్రం అక్క కూర్చుని వింటుంది. తేడా తెలిస్తే గది ఆయనది. తెలియకపోతే సోమవారం మిషన్లు లోపలికి.

చాకిరీ మాత్రం నాది. బావ కుర్చీలో మహారాజులా కూర్చుంటే, నేను అక్క అద్దాన్ని గోడ వెంట జరుపుతూ పోవాలి. కుర్చీలోంచి చూస్తే అద్దంలో స్పీకరు ఎక్కడ కనబడితే అక్కడ పలక బిగించాలట. "కాస్త ఎడమకి... అబ్బే, దాటిపోయావు." నా భుజాలు పడిపోయాయి. రెండు రోజుల్లో పన్నెండూ బిగించాం. బావ ఒక్కోదానికీ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. బొట్టు కూడా కవరు మీదే.

ఆదివారం అయిదింటికి అక్క చేతులు కట్టుకుని వచ్చింది. బావ గది మధ్య నిలబడి ఒక్క చప్పట కొట్టారు. గది టంగుమంది. రికార్డు వేశారు. అక్క రెండు నిమిషాలు విని, "తేడా ఏం లేదండీ" అంది, చాలా మర్యాదగా. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు జాలీ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"బావగారూ, ఆ కవర్లు తియ్యందే శబ్దం లోపలికి ఎలా వెళ్తుందండీ?"

"తీస్తే దుమ్ము పడుతుంది కదా."

"తియ్యకపోతే మిషన్లు వచ్చి పడతాయి."

బావ వెళ్లి వంటింట్లోంచి కత్తెర తెచ్చుకున్నారు. మొదటి కవరు కళ్లు మూసుకుని చించారు. రెండోదానికి కళ్లు తెరిచారు. మూడోదానికి నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు చూసి అక్క కొంగు దోపి రంగంలోకి దిగింది. ఇన్నేళ్ల కసి మరి. ముగ్గురం పిల్లల్లా పోటీపడి చించాం. అక్క అదే ఊపులో వెళ్లి ఫ్రిజ్ పొర కూడా లాగేసి వచ్చింది. బావ అది చూసి కూడా ఇంకో కవరు అందుకున్నారు. నవ్వలేక నాకు పొట్ట పట్టేసింది.

ప్లాస్టిక్ కుప్ప మధ్య నిలబడి బావ మళ్లీ చప్పట కొట్టారు. చప్పుడు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి రికార్డు వేశారు. ఈసారి వీణ ఒక్కటే వాయించింది, గోడలు నోరు మూసుకున్నాయి.

అక్క చాలాసేపు కదల్లేదు. "ఏవండీ, తీగ మీద వేలు జారడం కూడా వినిపిస్తోంది" అంది.

బావ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయనకి కావలసింది గది కాదు, ఈ మాటే అని నాకప్పుడు అర్థమైంది.

"అయితే గది నాదేనా?" అన్నారు.

"గది మీదే. రెండో వైపు వెయ్యండి" అంది అక్క, కుర్చీలోంచి లేవకుండా.

ఆయన రికార్డు తిప్పి వేసి, గచ్చు మీద ప్లాస్టిక్ పక్కకి నెట్టుకుని కూర్చున్నారు. సోమవారం నుంచి నేను ఫోన్ చేసినప్పుడల్లా ఆయన ఒకటే చెబుతున్నారు, కుర్చీ ఇంకా ఖాళీ కాలేదని.