తూకం బాబాయి పది ఎంబీలు

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ తూకం బాబాయి అంటారు. ఇరవై రెండేళ్లు అక్కడి పార్సిళ్ల గదిలో, ఊళ్లోవాళ్ల సామాన్లు కట్టి పంపేచోట, కాటా ముందు కూర్చున్నవాడికి ఇంకేం పేరు పెడతారు? ఆ గది మూతపడ్డాక ఆయన పట్టుబట్టి శిక్షణ తీసుకుని కంపెనీ మెయిళ్ల బాధ్యత నెత్తికెత్తుకున్నాడు. యాభై మూడేళ్ల వయసులో ఇదేం పిచ్చి అన్నవాళ్లు ఉన్నారు. మేనేజరు మాత్రం మూడు నెలలు చూద్దామన్నాడు. నెగ్గితే ఆ కుర్చీ ఆయనదే, లేకపోతే గోడౌన్లో పెట్టెలు లెక్కపెట్టుకోవడమే. ఈలోగా ఇంట్లో ఆవిడ "మా ఆయన ఇప్పుడు కంప్యూటర్ ఆఫీసరు" అని చుట్టపక్కాలందరికీ చాటేసింది. ఇక ఓడిపోయే వీలే లేదు.

మూడో నెలలో సర్వరు నిండిపోయి ఒక పూటంతా మెయిళ్లు ఆగిపోయాయి. తవ్వి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బొమ్మలు గీసే అమ్మాయి బిస్కెట్ పెట్టె డిజైన్లో ఒక గీత మారినా నలభై మందికి పంపుతోంది. ఆ నలభై మందిలో వాచ్‌మన్ కూడా ఉన్నాడు. సేల్స్ అబ్బాయి పదేళ్లుగా ఒక్క మెయిలూ తీసెయ్యలేదు.

"ఎందుకయ్యా ఇవన్నీ?" అని అడిగాడు బాబాయి.

"ఎప్పుడైనా పనికొస్తాయేమోనని."

"మీ ఇంట్లో విరిగిన గొడుగులు ఎన్నున్నాయి?"

"నాలుగు బాబాయ్" అన్నాడతను తల గోక్కుంటూ.

బాబాయి లెక్క కట్టాడు. మనిషికి రెండు జీబీల పెట్టె, మెయిలుకి పది ఎంబీల అటాచ్‌మెంట్, మించితే వెనక్కి. అందరికీ నోటీసు పంపి, సోమవారం పొద్దున్నే హద్దు బిగించి, దర్జాగా టీ తాగాడు. ఇల్లు అలకగానే పండగవుతుందా?

పదింటికల్లా ఫోన్లు మొదలయ్యాయి. తొమ్మిది ఎంబీల ఫైలు వెనక్కొచ్చింది. ఎనిమిదీ వెనక్కొచ్చింది. బొమ్మలమ్మాయి గుమ్మంలో నిలబడి నిలదీసింది.

"పది అన్నారుగా! నాది ఎనిమిదేగా! మీ కాటాకి కళ్లు పోయాయా బాబాయ్?"

చివరికి మేనేజరే ఫోన్ చేశాడు. "నాలుగింటికి బయటి కంపెనీ మనిషి వస్తున్నాడండీ. ఈలోపు మీరు సరిచెయ్యకపోతే మెయిళ్లు వాళ్లకే ఇచ్చేస్తాను."

బాబాయి తెచ్చుకున్న క్యారియర్ మూత కూడా తియ్యలేదు. ఆయన చేతులు పాత పనే, తూకమే, ఎత్తుకున్నాయి. ఎనిమిది ఎంబీల ఫైలు ఒకటి తీసుకుని, హద్దు కొంచెం కొంచెంగా పెంచుతూ తనకు తానే పంపుకున్నాడు. పదికి వెనక్కొచ్చింది. పదిన్నరకీ వెనక్కొచ్చింది. పదకొండుకి బుద్ధిగా వచ్చి పెట్టెలో కూర్చుంది. ఎనిమిది తూగాల్సింది పదకొండు దాకా తూగుతోంది! మధ్యలో ఈ మూడూ ఎక్కడివి?

అప్పుడు పార్సిళ్ల గది గుర్తొచ్చింది. కిలో జాడీకి కిలోన్నర డబ్బులేమిటని పోట్లాటకొచ్చేవాళ్లు. "జాడీ ఒక్కటే వెళ్తుందా తల్లీ? పెట్టె, అట్ట, తాడు బరువు కాదా?" అని ఆయన రోజుకి పదిసార్లు చెప్పేవాడు. శిక్షణ పుస్తకం తిరగేస్తే అక్షరాలా అదే ఉంది. ఫైలు మెయిల్లో వెళ్లాలంటే దాన్నంతా అక్షరాల్లోకి మార్చి కడతారు, దాంతో మూడో వంతు బరువు పెరుగుతుంది. లోకానికంతా చెప్పిన మాట తన దాకా వచ్చేసరికి మరిచిపోయాడు. ఒక్కడే కూర్చుని కడుపుబ్బ నవ్వుకున్నాడు.

హద్దు పద్నాలుగు చేసి, మళ్లీ నోటీసు పంపాడు: "మీ ఫైలు పది దాకా ఉండొచ్చు. ప్యాకింగు బరువు మాది." మూడింటికల్లా ఫోన్లు సద్దుమణిగాయి. బయటి కంపెనీ మనిషి వచ్చి అన్నీ చూసి, టీ తాగి, "ఇక్కడ నాకేం పని లేదండీ" అని వెళ్లిపోయాడు.

కాసేపటికి మళ్లీ మేనేజరు ఫోన్. "మీ ఉద్యోగం ఖాయం చేస్తూ ఆర్డరు సంతకం పెట్టి పంపాను, వెనక్కొచ్చేసింది. రంగుల్లో స్కాన్ చేశారట, పదహారు ఎంబీలు. ఒక్క నిమిషం హద్దు ఎత్తండి."

మూడు నెలలుగా ఎదురుచూసిన కాగితం. ఒక్క నొక్కు నొక్కితే చాలు. బాబాయి చెయ్యి మౌసు మీదికి వెళ్లింది. కానీ నొక్కలేకపోయాడు.

"సార్, నా కాగితం కోసం నేనే ఎత్తుకుంటే, రేపు ఇంకొకళ్లకి కాదని ఏ మొహంతో చెప్పను? నలుపు తెలుపులో స్కాన్ చేయించండి. ఒక్క ఎంబీ కూడా ఉండదు."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. నోటి దురుసుతో చేతికొచ్చిన కుర్చీని పోగొట్టుకున్నానని బాబాయి తనను తానే తిట్టుకున్నాడు. పావుగంట గడిచింది. ఆ పావుగంటే మూడు నెలల కంటే పొడుగ్గా ఉంది.

మెయిలు వచ్చింది. నలుపు తెలుపులో, సంతకంతో, ముప్పావు ఎంబీ. కింద మేనేజరు ఒక ముక్క రాశాడు: "ఇప్పుడు సరిపోయిందా ఆఫీసరు గారూ?"

బాబాయి వెంటనే ఇంటికి ఫోన్ కలిపాడు. "ఏవండీ, ఆర్డరు వచ్చిందా? వచ్చిందా, రాలేదా? మాట్లాడరేం?" అని అవతల ఆవిడ కంగారు పడిపోతోంది. సంతోషంలో ఆవిడకు కనిపించదన్న సంగతే మరిచిపోయి, ఆయన ఫోన్ చెవికి ఆనించుకుని గట్టిగా తలూపుతున్నాడు.