గుంటూరు నుంచి వెళ్ళిన క్రిస్మస్ తాత

కెనడాలోని కిచెనర్‌లో ఒక కాలేజీలో అకౌంట్స్ చెప్పడానికి వెళ్ళిన మొదటి శీతాకాలం అది. క్లాసులో సగానికి పైగా మన పిల్లలే. ఇంత దూరం వెళ్ళి మళ్ళీ మనవాళ్ళకే పాఠం చెబుతున్నారా అని గుంటూరు నుంచి మా ఆవిడ ఫోన్లో నవ్వేది.

పక్క టేబుల్ కెనడియన్ లెక్చరర్ క్రిస్మస్ భోజనానికి పిలిస్తే, నాకు వేరే ప్రోగ్రామ్ ఉందని గొప్పగా చెప్పాను. ఆ ప్రోగ్రామ్ పప్పు వండుకుని పడుకోవడం. ఇంతలో మా క్లాసులోని వరంగల్ అమ్మాయి ఫోన్ చేసింది.

"సార్, పండుగనాడు మధ్యాహ్నం మన తెలుగోళ్ళ ఫెలోషిప్ ఉంది. చర్చి బేస్‌మెంట్ బుక్ చేసినం. మీరు తప్పకుండా రావాలె."

లెక్చరర్‌ని పిలిచారంటే ప్రసంగానికే అనుకున్నాను. ప్రేమ, త్యాగం, పరాయి నేల అంటూ ఒక గంభీరమైన ప్రసంగం తయారుచేసుకుని అద్దం ముందు చేతులు ఊపుతూ సాధన కూడా చేశాను. తీరా వెళితే ఆ అమ్మాయి నా చేతిలో ఎర్ర సూటూ, దూది గడ్డమూ పెట్టింది.

"ప్రసంగం వేరే అంకుల్ చేస్తరు సార్. మీరు క్రిస్మస్ తాత."

"ఇంతమందిలో నేనే ఎందుకమ్మా?"

ఆ అమ్మాయి నేల చూపులు చూసింది. "మీకైతే కడుపు మీద దిండు కట్టే పని లేదు సార్."

గంట మోగిస్తూ వంటగది తలుపులోంచి ప్రవేశించాను. బెల్టు బిగుతుకి నవ్వు సరిగా రాలేదు, దగ్గు వచ్చింది. "వై ఈజ్ శాంటా స్పీకింగ్ తెలుగు?" అని ఒక పిల్లాడు నిలదీశాడు. నార్త్ పోల్‌లో తెలుగు ట్యూషన్‌కి వెళ్ళానని చెప్పాను. నమ్మలేదు కానీ చాక్లెట్ తీసుకున్నాడు.

పిల్లల వరస చివర ఒక పెద్దావిడ నిలబడింది. చీర మీద స్వెట్టర్, దాని మీద శాలువా, చెప్పుల్లోంచి మేజోళ్ళు. కూతురి దగ్గరికి బాపట్ల నుంచి వచ్చారట.

"ఏ ఊరు బాబూ మీది?"

"నార్త్ పోల్ అండి."

"అది సరేలే. అసలు ఊరు?"

"గుంటూరండి."

"పెళ్ళాం పిల్లలు?"

"అక్కడే ఉన్నారండి."

"మరి పండగ పూట నువ్విక్కడేం చేస్తున్నావయ్యా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు ఉండేది. అనుభవం, అవకాశం, పర్మనెంట్ రెసిడెన్సీ అంటూ బంధువులందరికీ అప్పజెప్పినదే. అదే చెప్పబోయాను. మాటకి బదులు కళ్ళ నీళ్ళు కారాయి. ఆ తడికి జిగురు వదిలి గడ్డం ఒక పక్కకి వేలాడింది. ముందు వరసలో ఒక పాప భయపడి ఏడుపు అందుకుంది. పరాయి దేశంలో పిల్లల్ని ఏడిపించిన మొదటి క్రిస్మస్ తాతని నేనేనేమో.

పెద్దావిడ బొటనవేలితో గడ్డాన్ని నొక్కి అతికించి, "తాతకి జలుబు చేసిందమ్మా" అని పిల్లలకి సర్దిచెప్పారు. తరవాత నన్ను మూలకి తీసుకెళ్ళి బిరియానీ పెట్టించారు. గడ్డం తీసేస్తే పిల్లలు చూస్తారని, నేను ముద్ద పెట్టుకున్నప్పుడల్లా ఆవిడే గడ్డాన్ని కర్టెన్‌లా పక్కకి జరిపి పట్టుకున్నారు. నేను సిగ్గు లేకుండా రెండోసారీ పెట్టించుకున్నాను.

ఆ చలికాలమంతా ఆదివారాలు ఆవిడ కూతురి ఇంట్లోనే తిన్నాను. వసంతంలో ఆవిడ బాపట్ల వెళ్ళిపోయారు. వెళ్ళిన వారానికే గుంటూరు వచ్చి, అడ్రసు కనుక్కుని మా ఇంటికి వెళ్ళారట.

"మీ ఆయన బాగానే ఉన్నాడమ్మా," అన్నారట మా ఆవిడతో. "కాస్త ఏడుస్తాడు గానీ అన్నం బాగా తింటాడు."

ఆ సాయంత్రం మా ఆవిడ ఫోన్ చేసింది. చాలాసేపు ఏవేవో మాట్లాడి, చివరికి వేసవి సెలవులకు ఇంటికి రావడానికి టికెట్ ఎప్పుడు బుక్ చేస్తున్నారని అడిగింది.