నేను ముందే తెరిచిన జాడీ

మా గురువు వనజాక్షి మేడమ్ ఇక లేరని మొన్న ఉదయం హొసకోటె నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పారు. రాబోతున్నదని తెలిసిన వార్తే. అయినా నెత్తిన పిడుగు పడినట్టయింది. నా చేయి దానంతటదే చొక్కా జేబు మీదికి పోయింది. మలంలో రక్తం కనబడుతోందని నెల కిందట వెళితే డాక్టరు రాసిచ్చిన పరీక్ష చీటీ అందులో ఉంది. పెద్దపేగు లోపల కెమెరా పెట్టి చూడాలన్నాడు. నేనింకా వెళ్లలేదు. మేడమ్‌ను కబళించింది కూడా పెద్దపేగు క్యాన్సరే.

బెంగళూరులో మా ప్రయోగశాలను తొంభైలలో ఆమె దాదాపు ఒంటిచేత్తో నిలబెట్టారు. పేగులోని బాక్టీరియా ఆమె జీవితకాల వ్యాసంగం. కణితిని అంటిపెట్టుకుని బతికే కొన్ని జాతులు, అది కాలేయానికి పాకేటప్పుడు తోడు వెళ్తాయేమోనని, దారి కూడా చేసిపెడతాయేమోనని ఆమె అనుమానం. ఆ మాట చెవిన పెట్టేవారు అప్పట్లో తక్కువ. "పుట్టినప్పట్నుంచీ మన అన్నమే తిని బతుకుతుండాయి. ఎప్పుడు ఎవురి పక్కకు తిరుగుతాయో ఎవురికి తెలుసప్పా?" అని ఆమె నవ్వుతూ అన్నా నాకు ఒళ్లు జలదరించేది.

ఆ జీవుల్లో చాలావాటికి గాలి తగిలితే చావే. వాటిని పెంచే పళ్లాలను గాలి చొరని జాడీలో పెట్టి బిగిస్తే రెండు రోజులు ముట్టుకోకూడదు. ఆత్రపడి ఎవరైనా మూత మీద చేయి వేస్తే, అంతటి శాంతమూర్తీ కస్సుమనేవారు. "సుమ్నే ఉండప్పా, ఊరికే ముట్టొద్దు! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట!"

చివరికి ఆ జబ్బు ఆమెకే వచ్చింది. కాలేయానికీ పాకింది. శస్త్రచికిత్స నాడు సర్జన్‌ను ఒప్పించి, పేగులోంచీ కాలేయంలోంచీ చిటికెడు కణజాలం తీయించి నాకు పంపారు. "రెండు చోట్లా ఒకే జాతి మొలిస్తే చెప్పు. మొలవకున్నా చెప్పు. నాకు తెలియాల."

ఆ జాడీ నేనే బిగించాను. మర్నాడు సాయంత్రానికే తెరిచాను. మొలిచి ఉంటే ఆమె ముఖం ఎలా చూడాలన్న భయం నన్ను ఆగనివ్వలేదు. పేగు పళ్లెంలో సన్నని చుక్కలు. కాలేయం పళ్లెంలో ఏమీ లేదు. వెంటనే మళ్లీ బిగించాను గాని, ఆ పళ్లెంలో ఆ తర్వాతా ఏమీ పెరగలేదు. నిజంగానే లేవో, నేనే చంపేశానో ఇక ఎవరూ చెప్పలేరు. ఇంకో ముక్క మిగల్లేదు.

ఆస్పత్రికి వెళ్లి, "కాలేయంలో ఏమీ మొలవలేదు మేడమ్" అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూసి, "మూత ఎప్పుడు తీస్తివి?" అన్నారు.

మర్నాడు సాయంత్రమేనని చెప్పేశాను. నాలుగు చీవాట్లు పెడతారనుకున్నాను.

"భయమాయెనా? నాకూ ఉండాది లేప్పా. భయపడి ముందే తెరిచేదీ తప్పే, భయపడి తెరవకనే ఉండేదీ తప్పే. జరిగింది జరిగినట్టు ప్రయోగాల పుస్తకంలో రాయి" అన్నారు. రాశాను. పుస్తకం తీసుకెళ్లి చూపిస్తే కింద సంతకం చేశారు.

అంతటి విదుషీమణి, అంతటి సత్యనిష్ఠ మాకు మళ్లీ దొరకవు. సంతాప సభలో ఈ మాట చాలామంది అన్నారు. నేనూ అన్నాను, జేబులో చీటీ పెట్టుకునే. నాలో ఏం పెరుగుతోందోనన్న భయం తగ్గలేదు. ఇంకో నెల తెలియకుండా ఉంటే బాగుండునని కూడా ఉంది. అయినా రేపు ఉదయం ఎనిమిదింటికి పరీక్షకు వెళ్తున్నాను. ఏది తేలితే అది తేలినట్టే రాసిపెడతాను మేడమ్. కింద సంతకం చేయడానికి మీరు లేరు.