భయానికి పెట్టిన బెల్లం

మొన్న ఆదివారం నోయిడాలో మా అమ్మాయి ఇంటి దగ్గరున్న మెట్రో స్టేషన్లో, ఎస్కలేటరు ముందు మా ఆరేళ్ల మనవడు కాళ్లు బిగదీసుకుని నిలబడిపోయాడు. వాడు ఏడుపు అందుకోగానే మా అమ్మాయి, ఏ తల్లయినా చేసే పనే పాపం, సంచిలోంచి చాక్లెట్ తీసి వాడి నోట్లో పెట్టింది, వాడు దాన్ని చప్పరిస్తూ తల్లిని మామూలు మెట్లవైపు లాక్కుపోయాడు. "భయానికి బెల్లం పెట్టకే" అనేశాను నాకు తెలియకుండానే. ఇదెక్కడి సామెత అన్నట్టు చూసింది మా అమ్మాయి. సామెత కాదు, నలభై ఏళ్ల కిందట ఒక గుర్రపుశాలలో నేను తిన్న చీవాట్లు అవి.

పెళ్లయి ఢిల్లీ వచ్చిన కొత్తల్లో, మా ఆయన ఆఫీసుకు వెళ్లాక ప్రభుత్వ క్వార్టర్సులోని ఆ రెండు గదుల్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోలేక, నేర్చుకున్న టైపు వృథా పోవడం ఇష్టంలేక, పక్కింటావిడ చెప్పిన ఉద్యోగంలో చేరాను. వసంత్ కుంజ్ దాటాక తుమ్మచెట్ల మధ్య ఒక రిటైరైన సైన్యాధికారి పిల్లలకు గుర్రపు స్వారీ నేర్పేవారు, ఆయన ఉత్తరాలు టైపు చేయడం నా పని. గోదావరి జిల్లాలో గేదెల మధ్య పెరిగిన పిల్ల గుర్రాల కొలువులో చేరిందని మా ఆయన ఇంటికి వచ్చిన వాళ్లందరికీ చెప్పి నవ్వేవారు. చీర మీద స్వెట్టరు వేసుకుని, రెండు బస్సులు మారి, వచ్చీరాని హిందీతో కండక్టరు చేత కసుర్లు తిని అక్కడికి చేరేసరికి నాకు సగం ప్రాణం పోయేది.

అక్కడ నాలాగే కొత్తగా వచ్చినది ఇంకొకతి ఉండేది. నాలుగేళ్ల గోధుమరంగు ఆడగుర్రం, నుదుట తెల్లటి బొట్టు. దాన్ని బంగారూ అని పిలిచేదాన్ని. ఇంట్లో మా ఆయనతో తప్ప తెలుగు మాట్లాడే దారి లేని ఆ రోజుల్లో దానితోనే ఊరి కబుర్లన్నీ చెప్పుకునేదాన్ని, అది చెవులు నావైపు తిప్పి బుద్ధిగా వినేది. దానికున్న జబ్బల్లా పిరికితనం. గేటు పక్కన ఎండుగడ్డి మీద కప్పిన నీలం టార్పాలిన్ గాలికి టపటపలాడిందంటే చాలు, ఒక్క గెంతులో పక్కకు దూకేది. అలా దూకినప్పుడే యజమాని మనవరాలు కిందపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. హోలీ లోపల ఆ టార్పాలిన్ పక్కనుంచి పిల్లను ఎక్కించుకుని నెమ్మదిగా నడిస్తే సరి, లేకపోతే పెళ్లి బరాత్‌లకు గుర్రాలు తిప్పేవాళ్లకు ఇచ్చేస్తానని తేల్చి చెప్పేశారు యజమాని. గుడ్డ చప్పుడుకే హడలిపోయే ప్రాణి, బ్యాండుమేళాల మధ్య, టపాకాయల మధ్య ఏమైపోతుందోనని తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు.

దాన్ని చూసుకునే సైసు డెబ్బైకి దగ్గరపడిన పెద్దాయన, అందరికీ ఆయన చాచా. రోజూ మధ్యాహ్నం ఆయన దాన్ని తాడు పట్టి గేటు వరకు నడిపిస్తుంటే, నేను కొంగున బెల్లం ముక్క కట్టుకుని పక్కనే నడిచేదాన్ని. అది గెంతగానే పరుగున వెళ్లి, ఏం లేదమ్మా, ఏం లేదు బంగారూ అంటూ మెడ నిమిరి బెల్లం పెట్టేదాన్ని. పదిహేను రోజులు గడిచేసరికి అది టార్పాలిన్ ఇంకా అల్లంత దూరం ఉండగానే గెంతడం, గెంతి నా కొంగు వైపు మూతి చాపడం మొదలుపెట్టింది. అదంతా నామీద ప్రేమేననుకుని మురిసిపోయాను కూడాను!

చాచా ఒకరోజు తాడు ఆపి, "బురా మత్ మాన్‌నా బేటీ, తుమ్ ఘోడీ కో నహీఁ, ఉస్‌కే డర్ కో గుడ్ ఖిలా రహీ హో" అన్నారు. ఏమీ అనుకోకమ్మా, నువ్వు బెల్లం పెడుతున్నది గుర్రానికి కాదు, దాని భయానికి అని. నాకు అప్పట్లో కోపం ముక్కు మీదే ఉండేది. మూతి ముడుచుకుని రెండు రోజులు ఆఫీసు గదిలోంచి కదలలేదు. కానీ కిటికీలోంచి కళ్లు ఊరుకోవు కదా, ఆ రెండు రోజులూ అది మునుపటిలో సగం కూడా గెంతలేదు. మూడోరోజు సిగ్గు విడిచి వెళ్లి చాచా పక్కన నిలబడ్డాను, ఆయన తాడు నా చేతికిచ్చారు.

ఆయన పద్ధతి వింటే ఇంతేనా అనిపిస్తుంది. గుర్రం మొదటిసారి తల పైకెత్తి చెవులు రిక్కించే చోట ఆగిపోవాలి. ముందుకు లాగకూడదు, బుజ్జగించకూడదు, తాడు వదులుగా వదిలి ఊరికే నిలబడాలి. అది ఎప్పుడో తల దించి, పెద్దగా ఊపిరి వదిలి, నోరు నములుతున్నట్టు ఆడిస్తుంది. అప్పుడు బెల్లం పెట్టి వెనక్కి తిప్పేయాలి. మర్నాడు ఇంకో రెండడుగులు. ఊరికే నిలబడడం ఎంత కష్టమో నాకు ఆ చలికాలంలోనే తెలిసింది. నా చేయి బిగుసుకున్నప్పుడల్లా "ఢీలా ఛోడో, బేటీ", వదులుగా వదులమ్మా అనేవారు చాచా, రోజుకు పదిసార్లయినా, ఒక్కసారి కూడా విసుక్కోకుండా. తాడుతో పాటు నేనూ కొంత వదులయ్యానేమో, ఆ నెలల్లోనే బస్సు కండక్టరుకు హిందీలో ఎదురు చెప్పడం కూడా వచ్చింది.

హోలీకి రెండు రోజుల ముందు యజమాని వచ్చి నిలబడ్డారు. ఎక్కుతానని పట్టుబట్టింది ఎవరనుకున్నారు, మణికట్టు విరిగిన ఆ మనవరాలే. తాడు నా చేతిలో ఉంది. సరిగ్గా టార్పాలిన్ పక్కకు వచ్చేసరికి గాలి విసిరింది, గుడ్డ టపామని లేచింది, బంగారు చటుక్కున తల పైకెత్తి రాయిలా నిలిచిపోయింది. నా చేయి కొంగు ముడి మీదకు వెళ్లిపోయింది. ఎలా ఆపుకున్నానో తెలియదు, చేయి దించి, తాడు వదులు చేసి, నేల చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో. చివరికి నా భుజం మీద వెచ్చటి ఊపిరి తగిలింది, అది తల దించుకుని తనంతట తానే నడిచింది. గేటు దాటాక బెల్లం పెడుతూ నేను ఏడుస్తుంటే, పైనున్న పిల్ల నన్ను చూసి ఒకటే నవ్వు.

బంగారు ఎక్కడికీ పోలేదు, నేను అక్కడున్న పదేళ్లూ పిల్లలను మోసింది. హోలీ దాటాక వచ్చిన ఆదివారం మా ఆయన దాని పేరు చెప్పి అశోకా రోడ్డులోని మన తెలుగు క్యాంటీనులో నాకు గోంగూరతో భోజనం పెట్టించారు. ఇప్పుడు ఆ తుమ్మచెట్లూ లేవు, చాచా కూడా లేరు. ఆయనకు ఏనాడూ నోరు తెరిచి కృతజ్ఞత చెప్పుకోలేదు, నా హిందీ అంతవరకు వచ్చేలోపే ఆయన తన ఊరు వెళ్లిపోయారు.

ఆ మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే మనవణ్ణి తీసుకుని ఎస్కలేటరుకు పదడుగుల దూరంలో నిలబడుతున్నాను. వెనకనుంచి ఆఫీసులకు పోయేవాళ్లు "ఆంటీజీ, సైడ్, సైడ్" అంటూ తోసుకుపోతున్నారు, వాళ్లను తప్పుబట్టను, ఎవరి తొందర వాళ్లది. నాలుగోరోజు వాడు గట్టిగా ఊపిరి వదిలి, నా వేలు పట్టుకుని, "అమ్మమ్మా, చలేఁ?" అన్నాడు, వెళ్దామా అని. పైకి చేరాక సంచిలోంచి బెల్లం ముక్క తీసి ఇస్తే, మొహం చిట్లించి, చాక్లెట్ నహీఁ హై క్యా అని అడిగాడు. నవ్వుకుని ఆ ముక్క నేనే నోట్లో వేసుకున్నాను. ఒక పిరికి గుర్రం కోసం, ఒక పిరికి పిల్ల కోసం ఒక చలికాలమంతా ఊరికే నిలబడిన మనిషిని తలుచుకుంటూ తిన్నాను.